పొగతోటలో కొన్న నర్సింగ్ స్టూడెంట్ కిట్: ఏడాదిన్నర వాడాక నా మాట

"అక్కా కిట్ ఎక్కడ కొన్నావు, ఎంతయింది, బాగుందా" అని హాస్టల్లో జూనియర్లు రోజుకొకరు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. నేను నెల్లూరులో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడో సంవత్సరం, మా ఊరు కావలి పక్కన. కిట్ కొన్నది పొగతోటలో. పొగతోట తెలియనివాళ్లు ఉంటే, నెల్లూరులో ఆసుపత్రులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండే పేట అది, సర్జికల్ సామాను కావాలంటే జిల్లాలో ఎవరైనా అక్కడికే పోతారు. షాపు పేరు మాత్రం రాయను. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

కిట్ ధర 2,400. బేరమాడితే 2,250కి ఇచ్చాడు. అందులో గుండ్రటి డయల్ ఉండే బీపీ మిషను, స్టెతస్కోపు, వేలికి తగిలించే ఆక్సీమీటర్, డిజిటల్ థర్మామీటర్, పెన్ టార్చి, మోకాలి సుత్తి, కొలత టేపు, ఇవన్నీ పెట్టుకోవడానికి నీలం జిప్పు సంచి. చూడ్డానికి భలే ఉంటుంది. సంచి తగిలించుకుని ఆత్మకూరు బస్టాండులో నిలబడితే ఒక పెద్దాయన నన్ను డాక్టరమ్మ అనుకుని మోకాలి నొప్పి చూపించాడు, ఆ రోజుకి డబ్బులు గిట్టుబాటైనట్టే అనిపించింది.

ముందు బీపీ మిషను సంగతి చెప్తాను, ఎక్కువ గొడవ దానితోనే. గాలంతా తీసేశాక డయల్‌లో ముల్లు సున్నా దగ్గరున్న చిన్న గడిలో ఆగాలి. నాది 8 దగ్గర ఆగేది. షాపులోనే చూశాను, అడిగాను కూడా. "కొత్తది గదమ్మా, వాడేకొద్దీ సెట్ అయిపోద్ది" అన్నాడు, నేనూ నమ్మేశాను, అప్పటికి నాకేం తెలుసు. రెండు వారాలు రూమ్మేట్లందరి మీదా ప్రాక్టీస్ చేశా. ఇరవై ఏళ్ల పిల్లలకి అందరికీ 128, 130, 132. మా రూములో ఒకమ్మాయి భయపడి ఆవకాయ మానేసింది పాపం, మెస్సులో మజ్జిగ కూడా ఉప్పు లేకుండా తాగింది. ల్యాబులో మా ట్యూటర్ మేడమ్ ఒక్కసారి డయల్ వంక చూసి "ముల్లు ఎక్కడుందో చూశావా? దీంతో కొలిచి చార్టులో రాస్తావా?" అన్నారు. అంతే, ఆ అమ్మాయి మళ్లీ ఆవకాయ మీద పడింది.

మార్చమని షాపుకి పోతే "వాడేశారు, సర్జికల్ ఐటమ్ రిటర్న్ లేదు, బిల్లు మీద రాసుంది" అన్నాడు. బిల్లు వెనకాల చీమలంత అక్షరాల్లో నిజంగానే రాసుంది. అరగంట వాదిస్తే ఓనరు వచ్చి డయల్ ఒక్కటి మార్చాడు, దానికి 350 వేరే తీసుకున్నాడు. కొత్త మిషనుకి పాడైన ముక్క మార్చడానికి కొన్నవాళ్ల దగ్గరే డబ్బులు తీసుకోవడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నెల తిరక్కుండా గాలి కొట్టే రబ్బరు బల్బు దగ్గర మర లీకయింది. ఈసారి అక్కడికి పోలేదు, వేరే షాపులో 120 పెట్టి వాల్వు వేయించుకున్నా.

లీకయితే ఏమవుతుంది, నంబరు వస్తోంది కదా అంటారేమో. గాలి ఒత్తిడి సెకనుకి 2, 3 మిల్లీమీటర్ల (బీపీని లెక్కేసేది వీటిలోనే) చొప్పున నిదానంగా దిగాలి. లీకున్న మిషనులో ముల్లు బావిలో బొక్కెన పడ్డట్టు జర్రున దిగిపోతుంది, స్టెత్‌లో మొదటి చప్పుడు ఎక్కడ వినపడిందో పట్టుకునేలోపు ఇరవై దాటేస్తుంది. చప్పుడు మొదలైన చోట పై నంబరు, పూర్తిగా ఆగిపోయిన చోట కింది నంబరు. ఈ చప్పుళ్లని 1905లో కొరోట్కాఫ్ అనే రష్యా డాక్టరు చెప్పాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే చదువుతున్నాం. స్టెత్ పెట్టే ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టాలి, నాడి ఎక్కడ మాయమైందో చూసుకుని, గాలి తీసేసి కాస్త ఆగి, రెండోసారి దానికంటే 20, 30 ఎక్కువ దాకా కొట్టి వినాలి. చాలామంది మొదటిది ఎగ్గొడతారు, టైమ్ లేదని. కొంతమందికి, ముఖ్యంగా బీపీ బాగా ఉన్న పెద్దవాళ్లకి, మధ్యలో చప్పుడు కాసేపు ఆగిపోయి మళ్లీ వస్తుంది. నాడి చూడకుండా 150 దాకా కొట్టి వింటే ఆ ఖాళీలోకి దిగబడతాం, 190 ఉన్నాయన్ని 140 అని రాసేస్తాం.

ఇంకో విషయం, ఇది ట్యూటర్ మేడమ్ చెప్పిందే. ఇలాంటి డయల్ మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకి ఉంటాయి. కాబట్టి ఈ మిషనుతో కొలిచి 125 అనో 117 అనో రాశారంటే అది కొలిచిన నంబరు కాదు, అల్లిన నంబరు. అన్నీ 120/80, 130/80 అని సున్నాలతో పోతున్నా అదే కథ.

కిట్‌లో వచ్చే కఫ్ ఒక్కటే సైజు. షాపువాళ్లు దీన్ని అసలు ప్రస్తావించరు. లోపలి రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా చుట్టుకోవాలి, వెడల్పు 40 శాతం ఉండాలి. ముత్తుకూరు వైపు నుంచి రొయ్యల గుంటలున్న ఒకాయన ఓపీకి వచ్చాడు, మనిషి నిండుగా ఉంటాడు, చెయ్యి నా తొడంత. కఫ్ చుట్టు సరిపోక వెల్‌క్రో పటపటమని ఊడిపోతుంటే చేత్తో పట్టుకుని మరీ కొలిచా, 162/98. ఆయన మొహం మాడిపోయింది. పక్కనున్న సిస్టర్ పెద్ద కఫ్ తెచ్చి ఆయన్ని ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టించి, ఫోను పక్కన పెట్టించి కొలిస్తే 142/88. అదీ ఎక్కువే, కాకపోతే 162 కాదు కదా. చిన్న కఫ్ ఎక్కువ చూపిస్తుంది, బక్క చేతికి పెద్ద కఫ్ కడితే తక్కువ చూపిస్తుంది. మా అవ్వ చేతికి నా కిట్ కఫ్ దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది, ఇంటికి పోయినప్పుడల్లా "నా బీపీ చూడే" అంటుంది, చూసి నవ్వి ఊరుకుంటా. కిట్ కొనేబదులు మిషను విడిగా కొని, చిన్న కఫ్, పెద్ద కఫ్ రెండూ అడిగి తీసుకోండి.

స్టెతస్కోపు గురించి చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. మొదటి మూడు రోజులు నాకేం వినపడలేదు. చెవులు బాగాలేవేమో అని భయమేసి ఎవరికీ చెప్పలేదు, అందరూ "వినపడింది" అంటుంటే నేనూ తలూపాను. నాలుగో రోజు ఒక సీనియర్ అక్క నా స్టెత్ తీసుకుని పళ్లెం లాంటి వైపు వేలితో తట్టి, "పిచ్చిదానా, రెండో వైపు తెరిచి పెట్టుకోనుండావు" అని స్టెత్ తలని కిరుక్కున తిప్పింది. ఒక వైపు పెద్ద పళ్లెం, సన్నటి చప్పుళ్లకి. రెండో వైపు చిన్న గంట, బొంగురు చప్పుళ్లకి. ఏది తెరుచుకుని ఉందో వేలితో తట్టి చూడందే తెలియదు. చెవుల్లో పెట్టుకునేటప్పుడు కొనలు ముక్కు వైపు వంగి ఉండాలి, వెనక్కి పెట్టుకుంటే సగం చప్పుడు పోతుంది. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితం చుట్టి రోగి గుండె మీద ఆనించి విన్నాడట. నా కిట్ స్టెత్‌కి, ఆ కాగితం గొట్టానికి పెద్ద తేడా ఉందని అనుకోను. చెవి కొనలు గట్టి ప్లాస్టిక్, గంటసేపు పెట్టుకుంటే చెవులు మంటలు. గొట్టం గౌనుకి రాసుకున్నా గరగరమంటుంది, కొత్తలో దాన్నే ఊపిరితిత్తుల చప్పుడు అనుకుని రాసేశా కూడా. బీపీ చూడ్డానికి చాలు. గుండె, ఛాతీ చప్పుళ్లు నేర్చుకోవాలంటే చాలదు. లిట్‌మన్ లాంటి ఖరీదైన కంపెనీ స్టెత్ కొనే స్తోమత ఉంటే ఫస్ట్ ఇయర్లో వద్దు, పోగొట్టుకుంటారు, మూడో సంవత్సరంలో కొనుక్కోండి.

ఆక్సీమీటర్ పరవాలేదు. పని చేస్తుంది. ఎర్ర కాంతి, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి రెండూ వేలిలోంచి పంపి, కొట్టుకునే రక్తం ఏది ఎంత పీల్చుకుందో చూసి రక్తంలో ఆక్సిజన్ శాతం లెక్కేస్తుంది, జపాన్ ఇంజినీరు అయోగి 1970లలో కనిపెట్టిన పద్ధతి. అంటే వేలిలో రక్తం సరిగ్గా కొట్టుకోకపోతే దానికి ఆధారమే లేదన్నమాట. ఇది నాకు క్లాసులో కంటే రొట్టెల పండగలో బాగా అర్థమయింది. మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర మెడికల్ క్యాంపులో మమ్మల్ని కూర్చోబెట్టారు. స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టె మార్చుకుని, తల నుంచి నీళ్లు కారుతూ ఒకామె వచ్చింది, కళ్లు తిరుగుతున్నాయని. వేలికి పెడితే 82. నాకు గుండె ఆగింది. చూస్తే ఆమె మాత్రం చక్కగా మాట్లాడుతోంది, ఊపిరి నెమ్మదిగానే ఉంది, పెదవులు ఎర్రగా ఉన్నాయి, "ఈ ఏడు చదువు రొట్టె పట్టినాను పాపా, మా పిలకాయలకి" అని చెప్తోంది. 82 ఉన్న మనిషి మామూలుగా అట్లా చెప్పదు. చెయ్యి పట్టుకుంటే మంచు ముక్క. తుడిచి, రుద్ది, వెచ్చబడ్డాక, గోళ్ల రంగు లేని వేలికి పెట్టి, ఎండ తగలకుండా చేత్తో మూస్తే 98. ఆమె పొద్దుటి నుంచి ఏం తినలేదు, అదీ సంగతి. నంబరు పక్కన ఎగిరే గీత ఉంటుంది చూడండి, అది నాడితో పాటు సమంగా ఎగరకపోతే ఆ నంబరుని నమ్మొద్దు. మిషను చూపించే పల్స్, మనం చేత్తో పట్టుకున్న పల్స్ కలవకపోయినా నమ్మొద్దు. నల్లటి చర్మం ఉన్నవాళ్లకి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉందని కూడా చెప్తున్నారు, మన వైపు ఎండన పడి పనిచేసేవాళ్లే ఎక్కువ, గుర్తుంచుకోండి.

థర్మామీటర్ గురించి రాయడానికి పెద్దగా లేదు. చంక తుడిచి పెట్టాలి, లేకపోతే నెల్లూరు మే నెల చెమటకి అది ఏం కొలుస్తుందో దానికే తెలియదు. చంకలో వచ్చేది నోట్లో కంటే సుమారు ఒక డిగ్రీ ఫారన్‌హీట్ తక్కువ ఉంటుంది, ఎక్కడ పెట్టామో రాయాలి. పాదరసం థర్మామీటర్ వాడిన పాత సిస్టర్లు ఇప్పటికీ డిజిటల్‌దాన్ని కూడా జాడించి పెడతారు, అలవాటు!

టార్చి కాంతి మరీ తెల్లగా గుచ్చినట్టు ఉంటుంది, పేషెంట్లు కళ్లు మూసేసుకుంటారు. పక్కన కంటిపాప సైజులు ముద్రించి ఉండటం మాత్రం బాగుంది. హైవే మీద బైకు యాక్సిడెంట్ కేసులు తలకి దెబ్బలతో వస్తుంటాయి కదా, అప్పుడు అవసరం. రెండు పాపలూ సమంగా ఉన్నాయా, కాంతికి ముడుచుకుంటున్నాయా అని గంట గంటకీ చూస్తూ, స్పృహ కొలిచే గ్లాస్గో స్కోరులో కళ్లు తెరవడానికి ఎక్కువలో ఎక్కువ 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15లో ఎంతో రాయాలి. ఇక్కడ మా బ్యాచ్‌లో అందరం చేసిన తప్పు "నిద్రపోతున్నాడు" అని రాయడం. పిలిస్తే లేస్తున్నాడా, గిల్లితే లేస్తున్నాడా, అదీ లేదా, ఏదో ఒకటి చూడకుండా నిద్ర అని ఎట్లా తెలుస్తుంది?

ఇంక అసలు సంగతి. కిట్‌లో లేనిది, నేను ట్రంకు రోడ్డులో 180 పెట్టి కొన్నది, ఒక పిన్ వాచీ. యూనిఫాం మీద తలకిందులుగా వేలాడుతుంది, సెకన్ల ముల్లు ఉంటుంది. ఇన్ని సామాన్లలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. ఎందుకంటే కిట్‌లో ఉన్న ఏ వస్తువూ ఊపిరి లెక్కపెట్టదు.

మగవాళ్ల మెడికల్ వార్డులో నైట్ పోస్టింగ్, ఎక్కడ అన్నది అనవసరం. పొదలకూరు వైపు నిమ్మతోటలో కావలి పని చేసే తాత, జ్వరం, దగ్గుతో చేరాడు. రాత్రి పది గంటల చార్టు: టెంపరేచర్ 100.2, పల్స్ 98, రెస్పిరేషన్ (నిమిషానికి ఊపిరి) 20, బీపీ 120/80. శాచురేషన్ (ఆక్సిజన్ శాతం) గడి ఖాళీ. పక్క మంచానికీ రెస్పిరేషన్ 20, ఆ పక్కదానికీ 20. వార్డంతా ఒకే ఊపిరి తీస్తోంది. నేను చూసింది ఒంటిగంటన్నరకి. నాడి పట్టుకున్నా, 116. పట్టుకున్న చెయ్యి వదలకుండా ఆయన ఛాతీ మీదే ఉంచి, నాడి చూస్తున్నట్టే నటిస్తూ ఊపిరి లెక్కపెట్టా. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరైనా మార్చేస్తారు, మీరు ఇప్పుడు మీది గమనించుకోండి, మారిపోయి ఉంటుంది. ఇరవై సెకన్లకే పన్నెండు దాటింది. తప్పు లెక్కపెట్టానేమో అని నిమిషం పూర్తిగా చూశా, 34. మెడ కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. "ఎట్టుంది తాతా?" అంటే "బాగుండా... పాపా... పడుకో... నియ్యి" అన్నాడు. నాలుగు మాటలకి మూడుసార్లు ఊపిరి. ఆక్సీమీటర్ 93, బీపీ 112/70.

చూడండి, బీపీ బాగానే ఉంది. శాచురేషన్ కూడా "93 గదా, పరవాలేదు" అనిపించేలాగే ఉంది. పేషెంటు పరిస్థితి దిగజారుతోందేమో ముందే పట్టుకోవడానికి ఇంగ్లండులో రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ (NEWS) స్కోరు అని ఒకటుంది, ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం, మేడమ్ క్లాసులో చేయించారు. దాని ప్రకారం ఊపిరి 25 అంతకంటే ఎక్కువైతే 3, శాచురేషన్ 93కి 2, పల్స్ 116కి 2. మొత్తం 7. ఏడంటే వెంటనే డాక్టరు రావాలి. పదింటి చార్టు ప్రకారం లెక్కేస్తే 1 వస్తుంది, పల్స్ 98కి వచ్చే ఒకటి. అప్పటికి నిజంగా ఎంతుందో ఎవరికీ తెలియదు, ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి.

స్టాఫ్ సిస్టర్‌ని లేపాలంటే భయమేసింది. "స్టూడెంటువి, నీకేం తెలుసు" అంటారని. "మేడమ్, తాతకి ఆయాసంగా ఉంది" అని ఉంటే వస్తాలే అనేవారేమో, నేను "14వ మంచం, ఊపిరి 34, నిమిషం పూర్తిగా లెక్కపెట్టా, పల్స్ 116, శాచురేషన్ 93, మాట మధ్యలో ఆగుతోంది" అన్నా. ఆమె లేచి వచ్చి, తన వాచీ పెట్టుకుని తనూ లెక్కపెట్టి, నన్నేం అనకుండా డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేశారు. ఆక్సిజన్ పెట్టారు, ఎక్స్‌రే తీశారు, కుడి వైపు నిమోనియా, తెల్లారేలోపు ఐసీయూకి మార్చారు. ఎనిమిది రోజులకి ఇంటికి పోతూ వాళ్లమ్మాయి చేత ఒక సంచి నిమ్మకాయలు పంపాడు. హాస్టల్లో వారం రోజులు అందరికీ నిమ్మకాయ పులిహోర.

కాబట్టి కిట్ కొనాలా వద్దా అంటే, కిట్‌గా వద్దు. బీపీ మిషను విడిగా, రెండు కఫ్‌లతో తీసుకోండి. షాపులోనే గాలి తీసి ముల్లు సున్నా దగ్గర ఉందా చూడండి. తర్వాత కఫ్‌ని ఏదైనా డబ్బాకి చుట్టి 200 దాకా కొట్టి, మర బిగించి వదిలేసి, ఒక నిమిషం ముల్లు కదలకుండా నిలబడుతుందా చూడండి, షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఆరు నెలలకొకసారి మీ ఆసుపత్రిలో మిషన్లు రిపేరు చేసే అన్నని బతిమాలి వై ట్యూబుతో (రెండుగా చీలే గొట్టం) మంచి మిషనుకి కలిపి చూపించుకోండి, తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. నాది డయల్ మార్చాక కూడా 4 వచ్చింది, ఆయనే సరిచేసి ఇచ్చాడు, టీ తప్ప ఏం తీసుకోలేదు. స్టెత్ మొదట్లో మామూలుది చాలు. ఆక్సీమీటర్ ఇంట్లో కోవిడ్ నాటిది ఉంటే బ్యాటరీలు మార్చి అదే తెచ్చుకోండి, చాలా ఇళ్లల్లో బీరువా పైన పడి ఉంటుంది. పిన్ వాచీ ముందు కొనండి, సెకన్ల ముల్లు దూరం నుంచి కనపడేది, నల్ల డయల్ వద్దు, రాత్రి వార్డు లైట్లలో కనపడదు.

కిట్‌కి 5కి 2. షాపుకి 1, అది కూడా డయల్ మార్చినందుకు. వాచీకి 5.

మోకాలి సుత్తి గురించి అడగొద్దు. ఏడాదిన్నరలో దాన్ని ఒక్కసారే తీశా, హాస్టల్ వెనక చెట్టు కింద రాలిన బాదంకాయలు కొడదామని. రబ్బరు తల కదా, అవీ పగల్లేదు.